ఆర్డిత్ విన్న మాట

హెరాన్ హార్బర్‌లో ఏ సంగతైనా గుట్టుగా ఉండాలంటే ఒకటే దారి. అది ఆర్డిత్ పెన్‌రోజ్ చెవిన పడకూడదు. రేవు వీధిలో ఆమెకు జుట్టు కత్తిరించే పార్లర్ ఉండేది. రెండే కుర్చీలు, ఒక అద్దం, కిటికీలోంచి చూస్తే పెద్ద సరస్సు. ఆ కుర్చీలో కూర్చున్న ఆడవాళ్ళు తల తడిసేసరికి సగం, ఆరేసరికి మిగతా సగం కడుపులో ఉన్నదంతా చెప్పేసేవాళ్ళు. ఎవరి పెళ్ళాం అలిగి చెల్లెలింటికి వెళ్ళిందో, ఎవరు తాగి జింక అనుకుని పక్కింటివాళ్ళ ఆవును కాల్చారో, సాయంత్రానికల్లా ఊరి ఆ చివరికి తెలిసిపోయేది. ఆర్డిత్ నోట్లో నువ్వుగింజ నానదని అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. ఆ మాటకు ఆమె ఎప్పుడూ నొచ్చుకోలేదు.

"నాకు చెడు ఉద్దేశం ఏముంది? చలికాలం ఆరు నెలలు జనానికి తోచదు. నేను లేకపోతే వీళ్ళంతా పిచ్చెక్కి చచ్చేవాళ్ళు" అనేది.

సెయింట్ బ్రెండన్ గుడికి కూడా ఆమె మొదట వెళ్ళింది దేవుడి కోసం కాదు, కబుర్ల కోసమే. బుధవారాల్లో ఆ గుడి కింది గదిలో వేడి సూప్ పెట్టేవాళ్ళు. ఎవరొచ్చినా పెట్టేవాళ్ళు. ఎందుకొచ్చావని గానీ, ఏ సంఘం మనిషివని గానీ అడిగేవాళ్ళు కాదు. మొగుడు వదిలేసిన ఏడాది ఆర్డిత్‌కు ఇంట్లో ఒంటరిగా తినబుద్ధి కాక అక్కడికి వెళ్ళింది. బుధవారం కాస్తా ఆదివారం అయింది. గుడి అంటే చిన్న చెక్క కట్టడం. గనులు నడిచిన రోజుల్లో ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన వాళ్ళు కట్టుకున్నది. ఇప్పుడు ఆదివారం పదిమంది వస్తే నిండుగా ఉందనుకునేవాళ్ళు.

ఆ గుడికి ఉన్న ముసలి గురువు రిటైరై వెళ్ళిపోయాక, ఇంకొకరిని పంపడం కుదరదని బిషప్ స్వయంగా వచ్చి చెప్పాడు. గుడి మూసేస్తారనుకుని అందరూ బిక్కమొహాలు వేశారు. బిషప్ కాఫీ తాగుతూ, "మూయడం ఎందుకు? మీరున్నారుగా. మీరే నడుపుకోండి" అన్నాడు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మంచు తోసే లారీ నడిపిన హోలిస్ లాక్సోకు ఆర్గన్ వాయించడం కొద్దిగా వచ్చు. పాటలు నాలుగే వచ్చు గానీ ఆ నాలుగూ తడుముకోకుండా వాయిస్తాడు. ఆ పని అతనికి అప్పగించారు. వంటగది పని ఆర్డిత్ చెల్లెలు లోరెల్ తీసుకుంది. ప్రార్థనలు చదవడానికి ఎవరు?

"గట్టి గొంతు ఎవరిదో మీకు తెలీదా ఏంటి?" అన్నాడు హోలిస్. "ఆర్డిత్ పార్లర్‌లో గుసగుసలాడితే నాకు రేవులో వినబడుద్ది."

అందరూ నవ్వారు. ఆర్డిత్ కూడా నవ్వింది. నవ్వుతూనే ఆ పని నెత్తిన వేసుకుంది. నెలకో ఆదివారం విన్నిఫ్రెడ్ ఓక్స్ అనే గురువు రెండు గంటలు కారు నడుపుకుంటూ వచ్చి ప్రభుభోజనం జరిపించి, దీవించిన రొట్టె పంచేది. మిగతా ఆదివారాలు ఆర్డిత్‌వే. జుట్టు దువ్వుకుని, మెడలో శిలువ వేసుకుని, చెక్క బల్ల వెనక నిలబడి చదివేది. మొదట్లో అది ఆమెకు ఇంకో కబురు చెప్పినట్టే ఉండేది. కాకపోతే బాగా పాత కబురు.

ఆ పదిమందిలో ఎల్విన్ ట్రెగియర్ ఒకడు. ముసలివాడు, చేపల పడవ మనిషి. వెనక బెంచీలో గోడవైపు కూర్చునేవాడు. గుడిని వెచ్చగా ఉంచే బాయిలర్ ఆగిపోతే బాగు చేసేది అతనే. మెట్ల మీద మంచు తవ్వేది అతనే. మాట్లాడేది మాత్రం తక్కువ. అతని గురించి ఊరికి తెలిసింది ఒకటే. ముప్పై ఏళ్ళ కిందట, ఇంకా పైమాటే, నవంబరు నెలలో అతనూ తమ్ముడు రాయిస్సూ వలలు తీయడానికి వెళ్ళారు. తిరిగి వచ్చింది ఎల్విన్ ఒక్కడే. తుఫానులో తమ్ముడు నీళ్ళలో పడిపోయాడన్నాడు. శవం దొరకలేదు. రాయిస్ పెళ్ళాం చంటిపిల్లను చంకనేసుకుని దక్షిణాదికి వెళ్ళిపోయింది.

ఇంకో సంగతి గుడివాళ్ళు మాత్రమే గమనించారు. రొట్టె పంచేటప్పుడు ఎల్విన్ అందరితో పాటు ముందుకు వచ్చేవాడు గానీ చెయ్యి చాచేవాడు కాదు. రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుని తల వంచేవాడు. గురువు అతని తల మీద చెయ్యి వేసి దీవించి పంపేది. ప్రతిసారీ అంతే. ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఆర్డిత్ కూడా అడగలేదు. ఆ గుడిలో ఆమె అడగకుండా ఊరుకున్నది బహుశా అదొక్కటే.

ఫిబ్రవరిలో ఎల్విన్ మంచాన పడ్డాడు. గుండె నీరసించింది. ఆసుపత్రికి రానన్నాడు. నర్సు వచ్చి చూసి వెళ్ళేది. హోలిస్ రోజూ వెళ్ళి పొయ్యిలో కట్టెలు వేసి, గడ్డం గీసి వచ్చేవాడు. ఒక మధ్యాహ్నం హోలిస్ పార్లర్‌కు ఫోన్ చేశాడు.

"ఆర్డిత్, ముసలాయన నిన్ను తీసుకురమ్మంటున్నాడు."

"నన్నా? జుట్టు కత్తిరించాలా?"

"కాదు. ప్రార్థన పుస్తకం తెమ్మన్నాడు. ఒప్పుకోలు చెప్పాలంట, చేసిన పాపాలు."

ఆర్డిత్ చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. "అది గురువు పని కదా హోలిస్! నేనేంటి, వినడమేంటి! విన్నిఫ్రెడ్‌ను పిలుద్దాం."

"పిలిచా. రోడ్డు మూసేశారు. ఎల్లుండి దాకా తెరవరంట. ఆయనకు ఎల్లుండి దాకా ఓపిక లేదు. నీకు ఫోన్ చేస్తానంది, తియ్యి."

విన్నిఫ్రెడ్ ఫోన్ చేసింది. ఏ పేజీ తీయాలో చెప్పింది. గురువు కాని మనిషి చదవడానికి కూడా అందులో మాటలు ఉన్నాయనీ, పాపం క్షమించే అధికారం తనదన్నట్టు కాకుండా, దేవుడు క్షమిస్తాడని గుర్తు చేసే మాటలేననీ చెప్పింది.

"విన్నది విన్నట్టు అక్కడే వదిలేసి రావాలి ఆర్డిత్. అది నీది కాదు. ఆయనతో మళ్ళీ ఎత్తకూడదు. ఇంకెవరితోనూ ఎత్తకూడదు. చచ్చేదాకా."

"విన్నిఫ్రెడ్, నా సంగతి నీకు తెలుసు కదా."

"తెలుసు. ఆయనకూ తెలుసు. అయినా నిన్నే అడిగాడు."

ఆర్డిత్ బూట్లు తొడుక్కుని బయల్దేరింది. ఇళ్ళ కిటికీలు సగం దాకా మంచులో పూడిపోయి ఉన్నాయి. హోలిస్ నడవడానికి తవ్విన సందులో ఆమె తల మాత్రమే బయటికి కనబడుతోంది. ఎల్విన్ ఇంట్లో పొయ్యి మండుతోంది. మంచం కిటికీ పక్కకు జరిపించుకున్నాడు. సరస్సు గడ్డకట్టి, ఎంత దూరం చూసినా తెల్లగా, చప్పుడు లేకుండా పడి ఉంది. హోలిస్ ఆమెను లోపలికి పంపి తను బయటికి వెళ్ళి, అవసరం లేని మంచు తవ్వుతూ నిలబడ్డాడు.

"కూర్చో" అన్నాడు ఎల్విన్.

ఆమె కూర్చోలేదు. "ముందు ఒక మాట అడగాలి నిన్ను. నన్ను పిలిపించావేం? ఊళ్ళో ఇంతమంది ఉండగా? నా నోటి సంగతి నీకు తెలీకపోవడమేంటి?"

ఎల్విన్ ఊపిరి కూడదీసుకున్నాడు. "నెడ్రా" అన్నాడు.

నెడ్రా అతని భార్య. పోయి తొమ్మిదేళ్ళయింది.

"జబ్బు చేసినప్పుడు దాని జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలిపోయింది. నువ్వు ఇంటికొచ్చి గుండు చేసి వెళ్ళావు. ఆ రోజు అది ఎలా ఏడ్చిందో, నిన్ను ఎన్నెన్ని మాటలందో నాకు గుర్తే. పక్క గదిలో ఉన్నా నేను. ఆ తర్వాత నేను వింటూనే ఉన్నా. రేవులో, అంగట్లో, పెట్రోలు బంకులో. ఎవరో ఒకరు ఎత్తుతారని చూశా. ఎవరూ ఎత్తలేదు." దగ్గాడు. "నువ్వు చెప్పలేదు. కాబట్టి నీకు దాచడం చేతనవును. కూర్చో."

ఆర్డిత్ కూర్చుంది. ఆ సంగతి తను దాచానని ఆమెకే తెలియదు. దాచాలని అనుకోలేదు. నెడ్రా తల నిమిరి, తుండుగుడ్డ చుట్టి, వెంట్రుకలన్నీ ఊడ్చుకుని ఇంటికి వచ్చింది. అంతే. దాన్ని కబురుగా మలచాలన్న ఆలోచనే రాలేదు. ఒక మనిషి తొమ్మిదేళ్ళుగా ఆ ఒక్కదాన్నీ పట్టుకుని ఆమె గురించి ఆమెకున్నదానికంటే మంచి అభిప్రాయం పెట్టుకుని ఉన్నాడని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

పుస్తకం తెరిచింది. మొదటి మాటలు చదివింది. తర్వాత ఎల్విన్ చెప్పాడు.

ఏం చెప్పాడో ఈ కథకు తెలియదు. ఆర్డిత్ ఎవరికీ చెప్పలేదు. బయట పార చప్పుడు ఆగి ఆగి వినబడుతూ ఉందని మాత్రం హోలిస్ చెప్పినదాన్ని బట్టి చెప్పుకోవచ్చు. ఎందుకంటే తవ్వడానికి మంచు అయిపోయి, తవ్విందే మళ్ళీ తవ్వాడట.

ఎల్విన్ ముగించాక ఆర్డిత్ తన వంతు మాటలు చదవాలి. నోరు తెరిస్తే ఊరి ఆ చివరికి వినబడే గొంతు ఆ రోజు పొయ్యి చప్పుడును కూడా దాటలేదు. చదువుతుండగా ఆమె తలెత్తి చూసింది. ముసలివాడు కళ్ళు మూసుకోలేదు. ఆమె పెదాల వంకే చూస్తున్నాడు, మునిగిపోతున్న మనిషి ఒడ్డు వంక చూసినట్టు. ఆమె ఒక్కో మాటా విడిచి విడిచి చదివింది. ఒక్క అక్షరం జారిపోతే ఆయనకు అందకుండా పోతుందేమోనన్నంత భయంగా చదివింది.

ఆమె పుస్తకం మూశాక ఎల్విన్ అడిగాడు. "ఈ ఆదివారం నాకు రొట్టె తెస్తావా?"

విన్నిఫ్రెడ్ క్రితం నెల దీవించి ఉంచిన రొట్టెను ఆదివారం ఆరాధన అయ్యాక ఆర్డిత్ చిన్న వెండి డబ్బాలో పెట్టుకుని వెళ్ళింది. వెనకాల హోలిస్, లోరెల్ కూడా వెళ్ళారు. ఎల్విన్ చెయ్యి చాచాడు. వలలు లాగి లాగి వంకర్లు పోయిన ఆ అరచెయ్యి తెరుచుకోవడం వాళ్ళు మొదటిసారి చూశారు. హోలిస్ గోడవైపు తిరిగిపోయాడు. లోరెల్ అక్క మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండు రోజులకు ఎల్విన్ పోయాడు.

ఇక ముసలాయన ఏం చెప్పాడో విందామని జనం రాగా, పార్లర్‌లో రెండు కుర్చీలూ ఖాళీ లేకుండా పోయాయి.

"ఏవే అక్కా, నా దగ్గర కూడానా?" అంది లోరెల్, తలకు రంగు వేయించుకుంటూ. "పేరు చెప్పొద్దులే. తల ఊపు చాలు. తమ్ముడి సంగతేనా?"

"తల కదపకు, చెవికి రంగు అంటుద్ది."

"ఓలమ్మో! నువ్వేనా? కడుపుబ్బి చస్తావే!"

అందరూ నవ్వారు. తన కడుపు ఉబ్బడం లేదని ఆర్డిత్‌కే ఆశ్చర్యంగా ఉంది. నాలుక చివర దురద పెడుతుందనుకుంది, పెట్టలేదు. ఆ మాట ఆమెలో ఉంది గానీ చెప్పడానికి ఉన్నట్టు లేదు. కిటికీలోంచి చూస్తే సరస్సు ఎలా ఉందో అలా ఉంది. కదలకుండా, ఎంత లోతో తెలియకుండా. అప్పుడప్పుడు దువ్వెన ఆపి అటే చూస్తూ ఉండిపోయేది. కుర్చీలో మనిషి గొంతు సవరించుకుంటే ఉలిక్కిపడేది.

అంత్యక్రియల ఆరాధన శనివారం పెట్టారు. విన్నిఫ్రెడ్ వచ్చింది. చలికాలంలో అక్కడ నేల ఇనుములా బిగుసుకుపోయి ఉంటుంది, గొయ్యి తవ్వలేరు. పోయినవాళ్ళను శ్మశానం గేటు పక్క రాతి గదిలో ఉంచి, మంచు కరిగాక పాతిపెడతారు. ఆరాధన తర్వాత కింది గదిలో మాంసం, దుంపలు కూరిన పాస్టీలు వేడివేడిగా పెట్టారు. అందరూ తింటున్నారు. అప్పుడు వంటగది గుమ్మంలో ఒక కొత్త మనిషి నిలబడింది. ముప్పై దాటిన ఆడమనిషి, నల్ల కోటు, తడిసిన బూట్లు.

"ఆర్డిత్ అంటే మీరేనా?"

"నేనే. రా లోపలికి, ప్లేటు తీసుకో."

"నేను మేరీబెత్ ట్రెగియర్‌ని. రాయిస్ కూతుర్ని."

ఆర్డిత్ చేతిలోని గరిటె కింద పెట్టింది. లోరెల్ ఒక్క చూపు చూసి, కాఫీ కెటిల్ తీసుకుని బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"చనిపోయేముందు పెదనాన్న మీతో అన్నీ చెప్పుకున్నాడని విన్నాను" అంది మేరీబెత్. "మా నాన్న పేరు ఎత్తాడా?"

"చెప్పలేనమ్మా."

"చెప్పలేరా, చెప్పరా?"

"రెండూ."

మేరీబెత్ మొహం ఎర్రబడింది. "మా అమ్మ పోయేదాకా ఒకటే అనేది. ఆ పడవలో ఏం జరిగిందో ఆ ఒక్క మనిషికి తెలుసు అని. నేను రాత్రంతా కారు నడుపుకుంటూ వచ్చాను. పెట్రోలు బంకులో అబ్బాయి మీ పేరు చెప్పి నవ్వాడు, ఆవిడకు తెలిస్తే ఊరంతటికీ తెలిసినట్టే, ఫర్వాలేదు వెళ్ళండి అన్నాడు. ఊరందరికీ తెరిచిన నోరు నా దగ్గరికొచ్చేసరికి తాళం పడిందా?"

చెంప మీద కొట్టినట్టయింది ఆర్డిత్‌కు. ఆ మాటలో అబద్ధం ఏమీ లేదు. ఈ ఒక్క మనిషికి, ఈ ఒక్క మాట మీద, ఊళ్ళో ఎవరికీ లేనంత హక్కు ఉంది. ఎల్విన్ మాట విన్నాక మొదటిసారి ఆర్డిత్‌కు అది చెప్పాలనిపించింది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"నాతో పైకి రా" అంది.

గుడి ఖాళీగా ఉంది. రంగు అద్దాల్లోంచి మధ్యాహ్నపు ఎండ బెంచీల మీద పడుతోంది. కింద నుంచి పళ్ళేల చప్పుడు, ఎవరిదో నవ్వు సన్నగా వినబడుతున్నాయి. ఆర్డిత్ బల్ల మీది ప్రార్థన పుస్తకం తీసి, పేజీ వెతికి, మేరీబెత్ చేతికిచ్చింది.

"ఆయన నాతో అన్నది ఆయనది. అది నేను ఇవ్వలేను. నేను ఆయనతో అన్నది మాత్రం ఇందులోదే. ఇది అందరిదీ. చదువుకో."

మేరీబెత్ నిలబడే చదివింది. తర్వాత కూర్చుని మళ్ళీ చదివింది.

"ఇదంతా ఆయనకు చదివారా?"

"అంతా చదివా."

"ఆయన ఏమన్నా..." అని ఆగి, తనే చెయ్యి అడ్డం ఊపింది. "సరే. అది అడగను." పేజీ మీద వేలు పెట్టింది. "ఇది చదివేటప్పుడు మీకేమనిపించింది? అది మీదే కదా? అదైనా చెప్పొచ్చుగా?"

ఆ ప్రశ్న అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఆర్డిత్ మాటల కోసం వెతుక్కుంది. మాటలు వెతుక్కోవడం ఆమెకు కొత్త.

"భయమేసింది" అంది. "చచ్చేంత భయమేసింది. నేను రోజూ వంద మాటలు చెబుతా, ఒక్కటీ ఎక్కడా ఆనదు, గాలికి పోతాయి. ఆ రోజు నా నోట్లోంచి వచ్చిన మాట పోయి ఒక మనిషి మీద వాలింది. నేను చూశా. నా కళ్ళతో చూశా. అది నా మాట కాదు, నా వల్ల అయ్యే పనీ కాదు. నాకంటే ఎంతో పెద్దదేదో ఆ గదిలో ఉంది. నేను కొంచెం పక్కకు జరిగితే చాలు అన్నట్టు ఉంది. ఇంతకంటే చెప్పడం నాకు రాదమ్మా. అప్పట్నుంచి ఈ బల్ల దగ్గర నిలబడాలంటే నాకు జంకుగా ఉంది. మూడేళ్ళుగా కాలు మీద కాలేసుకుని కబుర్లు చెప్పినట్టు చదివా దీన్ని!"

మేరీబెత్ నవ్వలేదు, ఏడవలేదు. పుస్తకం మూసి బెంచీ మీద పెట్టి, కోటు గుండీలు పెట్టుకుని వెళ్ళిపోయింది. పాస్టీ కూడా ముట్టలేదు. లోరెల్ రెండు పొట్లం కట్టి కారు దాకా పరిగెత్తుకెళ్ళి కిటికీలోంచి పడేసి వచ్చింది.

ఆ తర్వాత ఆమె నుంచి ఏ కబురూ లేదు. ఆర్డిత్ ఆదివారం ఆదివారం చదువుతూనే ఉంది. గొంతు కొంచెం తగ్గిందని వెనక బెంచీలవాళ్ళు గొణిగారు గానీ, ముందు బెంచీలకు వచ్చి కూర్చున్నారు.

మే నెల రెండో వారంలో నేల మెత్తబడింది. సరస్సు మీద మంచు గడ్డలు విరిగి ఒకదాని మీద ఒకటి ఎక్కి, గాజు పగిలిన చప్పుడు చేస్తూ ఒడ్డుకు కొట్టుకొస్తున్నాయి. ఎల్విన్‌ను పాతిపెట్టే రోజు విన్నిఫ్రెడ్‌కు ఇంకో ఊళ్ళో పని పడింది. ఆర్డిత్‌నే జరిపించమంది. గుడివాళ్ళందరూ నెడ్రా సమాధి పక్కన గుమిగూడారు. ఆర్డిత్ పుస్తకం తెరవబోతుండగా గేటు దగ్గర కారు ఆగింది. మేరీబెత్ దిగి వచ్చి, ఎవరినీ పలకరించకుండా హోలిస్ పక్కన నిలబడింది.

ఆర్డిత్ చదివింది. పెట్టెను తాళ్ళతో దించారు. తలా పిడికెడు మట్టి తీసుకుని వేశారు. మేరీబెత్ వంగి పిడికెడు తీసుకోలేదు. హోలిస్ చేతిలోని పార అడిగి తీసుకుంది. గట్టిగా పొడిచి, నిండుగా తీసి వేసింది. మళ్ళీ వేసింది. వేస్తూనే ఉంది. హోలిస్ సాయం చెయ్యబోతే ఆర్డిత్ అతని చెయ్యి పట్టి ఆపింది. చల్లటి గాలిలో ఆ పిల్ల నుదుటి మీద చెమట పట్టింది. తడి మట్టి పెట్టె మీద పడే చప్పుడు, ఆ తర్వాత మట్టి మీద మట్టి పడే మెత్తటి చప్పుడు, వెనకాల సరస్సు పగిలే చప్పుడు. గొయ్యి పూడే దాకా ఒక్కరూ కదల్లేదు.

పూడ్చాక ఆమె పార నిలబెట్టి దాని మీద ఆనుకుని ఊపిరి తీసుకుంది. సమాధి రాయి వంక చూసింది. నెడ్రా పేరు ఉంది, కింద ఎల్విన్ కోసం వదిలిన చోటు ఉంది.

"మా నాన్నకు ఎక్కడా రాయి లేదు" అంది, ఎవరితోనూ అన్నట్టు కాకుండా. తర్వాత ఆర్డిత్ వైపు తిరిగింది. "ఈయన పేరు కింద మా నాన్న పేరు కూడా చెక్కించొచ్చా?"

ఆర్డిత్ ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఎల్విన్ చెప్పింది విన్నది ఈ లోకంలో తనొక్కతే. ఈ పిల్ల అందులో ఒక్క ముక్క వినలేదు. వినకుండానే, తెలియకుండానే, ఇద్దరు అన్నదమ్ముల్నీ తెచ్చి ఒకే రాతి మీద పెట్టమంటోంది. అలా అడగడానికి ఎల్విన్‌కు కూడా ధైర్యం చాలి ఉండదు. ఆర్డిత్ పుస్తకాన్ని రెండు చేతులతో గుండెలకు అదుముకుని తల ఊపింది.

హోలిస్ టోపీ తీసి, వంగి, రాయి మీది నాచు బొటనవేలితో గీకి చూశాడు.

"చోటుంది తల్లీ" అన్నాడు. "బోలెడంత చోటుంది."